దిద్దిన తేదీ

“ఇది అబద్ధమని చెప్పండి ప్లీడరు గారూ! ఆ ఒక్క మాట చెప్పండి, నోరు మూసుకుని వెళ్లి మిషను ముందు కూర్చుంటాను!”

ముందుగదిలోంచి ఆ గొంతు వినగానే, వంటింట్లో కాఫీ వడకడుతున్న ప్లీడరు గారి భార్య చెయ్యి ఆగిపోయింది. అది టైలరమ్మ గొంతు. కోర్టు ఎదుటి వీధి చివర ఒకే ఒక్క అద్దె గదిలో పంతొమ్మిదేళ్లుగా వకీళ్లకు నల్లకోట్లూ గౌన్లూ కుడుతున్న మనిషి. ఎప్పుడు వచ్చినా మెడలో కొలతల టేపుతో, నోట్లో ఏదో ఒక వేళాకోళంతో వచ్చే మనిషి... ఇవాళ మెడలో టేపు లేదు. చేతిలో నోటీసు ఉంది.

గది యజమాని తరఫు వకీలు పంపిన నోటీసు అది. గది ఖాళీ చేయాలని వచ్చిన తీర్పు మీద అప్పీలు వేసుకునే గడువు కిందటి నెల పన్నెండుతోనే దాటిపోయిందట. అప్పీలు వేయలేదు కాబట్టి, కోర్టు ఇచ్చిన రెండు నెలల వ్యవధి తీరగానే, ఈ నెల పన్నెండున ఉదయం తాళాలు అప్పగించాలట. ఇవాళ నాలుగో తేదీ.

“కిందటి నెలా? కాదు పిన్నీ! మన గడువు ఈ నెల పన్నెండు. అప్పీలు కాగితాలన్నీ తయారుగా పెట్టాను, చూడు...” అంది బుజ్జి. ప్లీడరు గారి ఒక్కగానొక్క కూతురు, ఆరేళ్లుగా ఆయన దగ్గరే జూనియరు. అప్పటికే కోటు వేసుకుని కోర్టుకు బయల్దేరుతోంది. సంచి కుర్చీలో పడేసి డైరీ తెరిచింది.

తేదీ ఎవరి తలకాయలోనూ ఉండకూడదు, డైరీలో ఉండాలి అన్నది ఆ ఆఫీసు నియమం. ముప్పై ఎనిమిదేళ్లుగా తన దగ్గర చేరిన ప్రతి జూనియరుకూ ప్లీడరు గారు మొదటిరోజు చెప్పే మాట అదే. ఈ నెల పన్నెండో తేదీ పేజీలో ఆయన అక్షరాలతోనే ఉంది: ‘టైలరమ్మ – అప్పీలు ఆఖరి రోజు’. బుజ్జి ఆ పేజీ చూపించబోయి ఆగింది. తీర్పు వచ్చిన రోజు నుంచి వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ముప్పై రోజులు... మళ్లీ లెక్కపెట్టింది. మూడోసారి లెక్క మధ్యలోనే ఆమె చెయ్యి కిందికి జారిపోయింది.

“నేను రాశానే... సరిగ్గా రాసినట్టే గుర్తు...” అన్నారు ప్లీడరు గారు.

గుర్తు అన్న మాట దగ్గర ఆయన గొంతు తడబడింది. ఆ మాట వినిపించగానే ఆ గదిలో ముగ్గురు తలలు దించుకున్నారు. కూతురు, తలుపు దగ్గర కట్టలు కడుతున్న ముసలి గుమాస్తా, వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడ్డ భార్య.

“నాన్నకి దీంతో సంబంధం లేదు పిన్నీ! నీ కేసు చూసుకుంటున్నది నేను. గడువు లెక్క చూసుకోవాల్సింది నేను. తప్పు నాదే!” అంది బుజ్జి గబగబా.

టైలరమ్మ ఆ పిల్లను ఎగాదిగా చూసింది. “నీ మొదటి కోటు నేనే కుట్టాను బుజ్జమ్మా! భుజాల దగ్గర లోపల అంగుళం గుడ్డ ఎక్కువ వదిలాను. ఎందుకో తెలుసా? రేపు పెద్ద ప్లీడరువై భుజాలు విరుచుకుని నిలబడతావు, అప్పుడు బిగుతవకూడదని! అలాంటి నువ్వు... నా గది... నా మిషను ఎక్కడ పెట్టుకోనమ్మా? నీ నెత్తిన పెట్టుకోనా?” ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. “వకీళ్ల సంఘానికి ఫిర్యాదు ఇస్తాను. చెప్పే ఇస్తున్నాను. చాటుగా ఇవ్వడం నాకు చేతకాదు,” అని నోటీసు నాలుగు మడతలు పెట్టుకుని వెళ్లిపోయింది.

కాఫీ చల్లారిపోయింది. ఎవరూ తాగలేదు.

డైరీ ఎందుకు తప్పు చెప్పిందో ఆ ఇంట్లో ఒక్కరికే తెలుసు!

రెండేళ్ల కిందట ఒక ఉదయం ప్లీడరు గారు తన వాయిదా లేని కోర్టుకు వెళ్లి, ఎవరిదో కేసు పిలిస్తే లేచి నిలబడ్డారు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వేశారు. ఇంటికి వచ్చాక మాత్రం బూట్లు విప్పకుండా గంటసేపు అలాగే కూర్చున్నారు. ఆ గంటను ఆయన భార్య మరిచిపోలేకపోయింది. మర్నాటి నుంచి, సాయంత్రం ఆయన నడకకు వెళ్లగానే, కోటు దులిపే నెపంతో ఆఫీసు గదిలోకి వెళ్లేది. వాయిదా తేదీలు రాసి గుమాస్తా ఆ కోటు జేబులో వేసే చీటీలు తీసి, డైరీతో పోల్చి చూసేది. తప్పిన తేదీని సగం విరిచిన బ్లేడుతో మెల్లగా గీకి, సరైన పేజీలో ఆయన అక్షరాలతో మళ్లీ రాసేది. పెళ్లైన కొత్తలో, టైపు చేసే మనిషిని పెట్టుకునే స్తోమతు లేని రోజుల్లో, ఆయన చిత్తు రాతలన్నీ శుభ్రంగా తిరగరాసింది ఆమే. ఆయన అక్షరం ఆమె చేతికి అప్పుడే అలవాటైంది. చేసేది మంచో చెడో ఎన్నడూ ఆలోచించలేదు. ఇల్లు ఊడ్చినట్టు, దీపం తుడిచినట్టు అదీ ఒక ఇంటిపని అయిపోయింది...

టైలరమ్మ కేసులో తీర్పు వచ్చిన రోజు జేబులో ఉన్న చీటీ మీద ‘12’ అని మాత్రమే ఉంది. నెల రాయడం గుమాస్తాకు అలవాటు లేదు. డైరీలో ఆయన మరుసటి నెల పన్నెండో పేజీలో రాశారు. ఆ వారంలోనే ఆయన రెండు కేసులు ఒక నెల ముందు పేజీల్లో రాసి ఉన్నారు. పైగా ఆ పూట కాఫీ తాగుతూ, “పాపం, టైలరమ్మకి రెండు నెలలు గడువిచ్చారు,” అన్నారు. అది గది ఖాళీ చేయడానికి ఇచ్చిన గడువు. అప్పీలుకు అనుకుంది ఆమె, ఇదీ ఒక నెల ముందే రాసేశారనుకుంది! ఎవరినైనా అడిగి ఉంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది. గుమాస్తాను అడిగితే గుట్టు బయటపడుతుంది. ఆయన్ను అడిగితే ఆ ముఖం చూసి తట్టుకోలేదు. బుజ్జి ఊళ్లో లేదు, ఇంటర్వ్యూకు వెళ్లింది. అడగలేదు. బ్లేడు తీసింది.

ఆ ఇంటర్వ్యూ మామూలుది కాదు. జడ్జి ఉద్యోగానికి! బుజ్జి మూడేళ్లు చదివింది. పగలంతా కోర్టులో తండ్రి వెనక నిలబడి, తెల్లవారుజామున లేచి చదివి, రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కింది. ఎంపికైనట్టు ఉత్తరం వచ్చి పది రోజులైంది. ఇంక ఒక్క కాగితం మిగిలింది. అందులో ఒక ప్రశ్న: మీ మీద వృత్తిపరమైన ఫిర్యాదు ఏదైనా ఉన్నదా? ఇప్పటిదాకా ఆ గడిలో రాయడానికి ఒకే ఒక జవాబుండేది...

ఆ రోజంతా ప్లీడరు గారి భార్య కాలు ఒకచోట నిలవలేదు. తుడిచిన బల్లనే మళ్లీ తుడిచింది. కడిగిన గిన్నెలు మళ్లీ కడిగింది. వీధి తలుపు చప్పుడైతే ఉలిక్కిపడేది. సంఘం నుంచి ఎవరైనా వచ్చారేమోనని కిటికీ దగ్గరికి వెళ్లేది, ఎవరూ ఉండేవారు కాదు, మళ్లీ వెళ్లేది. ‘చెబితే ఆయన ముప్పై ఎనిమిదేళ్ల పేరు పోతుంది. చెప్పకపోతే పిల్ల బతుకు పోతుంది...’ ఈ రెండు ముక్కలే తలలో ఒకదాని వెనక ఒకటి తిరుగుతూ ఉన్నాయి, పైన ఫ్యాను తిరిగినట్టు.

మర్నాడు మధ్యాహ్నం బుజ్జి ఆఫీసు గదిలో ఒంటరిగా రాసుకుంటుంటే తల్లి మంచినీళ్లు తెచ్చే వంకతో వెళ్లింది. బల్ల మీద రెండు కాగితాలు. ఒకటి, ఆలస్యాన్ని మన్నించి అప్పీలు తీసుకోమని కోర్టుకు పెట్టుకునే అర్జీ. అందులో ‘గడువు లెక్కించుటలో నేను చేసిన పొరపాటు వలన’ అని ఉంది. రెండోది, జడ్జి ఉద్యోగం వద్దంటూ ఉత్తరం.

“ఇదేంటే!”

“ఎలాగూ వాళ్లే వద్దంటారమ్మా. ముందే నేనే వద్దంటే మర్యాదగా ఉంటుంది.” బుజ్జి తల ఎత్తలేదు. “ఈ అర్జీ నిలవాలంటే తప్పు ఎవరో ఒకరు ఒప్పుకోవాలి. అయినా నిలుస్తుందో లేదో... ‘నేను లెక్క తప్పాను’ అంటే, ‘తప్పితే తప్పావు, మాకేంటి’ అంటారు. జడ్జి కుర్చీలో ఉంటే నేనూ అదే అంటానేమో.”

“తప్పు నీది కాదు.”

“నాది కాక నీదా?” అంది బుజ్జి విసుగ్గా.

“నాదే.”

బుజ్జి కలం ఆగింది.

తల్లి చెప్పింది. నిలబడే చెప్పింది, మంచినీళ్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకుని. కోటు, చీటీలు, బ్లేడు, రెండు నెలలు... అంతా. వింటున్నకొద్దీ బుజ్జి ముఖంలో కోపం వచ్చింది, పోయింది, చివరికి భయం మిగిలింది.

“అమ్మా! ఈ మాట నాన్న చెవిన పడకూడదు. నువ్వు దిద్దావంటే, ఎందుకు దిద్దావని అడుగుతారు. దానికి జవాబేం చెబుతావ్? ఆయన తట్టుకోలేరు! నేనింకా చిన్నదాన్ని, నాకేదో ఒక దారి దొరుకుతుంది. నాన్నకి ఈ గది తప్ప ఏముంది? నా మాట విను...”

“రెండేళ్లుగా అదే కదమ్మా చేశాను! ఆయనకి తెలియకూడదు, తెలియకూడదని... ఇప్పుడు నిన్ను కూడా గీకేయమంటావా ఆ బ్లేడుతోనే!”

“ఎవరిని గీకేస్తావ్?”

గుమ్మంలో ప్లీడరు గారు. మధ్యాహ్నపు కునుకు నుంచి లేచి వచ్చారు. జుట్టు చెదిరి ఉంది. వెనక గుమాస్తా కూడా ఉన్నాడు, చంకలో ఫైళ్లతో. తల్లీ కూతుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బుజ్జి కళ్లతోనే వద్దంది. ఆమె కూతుర్ని చూడడం మానేసి భర్తను చూసింది.

“ఏవండీ... కిందటి నెల పన్నెండో పేజీలో మీరు టైలరమ్మ అప్పీలు రాశారు. తప్పనుకుని నేను గీకేశాను. ఈ నెలలోకి మార్చింది నేనే.”

ఆయన బల్ల దగ్గరికి వచ్చి డైరీ తీసుకున్నారు. కళ్లజోడు సరిచేసుకుని, ఆ పేజీ వెతికి, గీకిన చోట బొటనవేలితో తడిమి చూశారు. తరవాత డైరీని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఆ పేజీని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు. పలచబడ్డ కాగితంలో బ్లేడు వదిలేసిన సిరా జాడలు కనిపించాయి.

“‘టైలరమ్మ... అప్పీలు... ఆఖరి రోజు,’” అని చదివారు. ఇటు తిరిగారు. “అంటే... ఆ రోజు నేను సరిగ్గానే రాశానా?”

ఆ ముఖం! పరీక్ష తప్పాననుకున్న పిల్లవాడికి తప్పలేదని చెబితే వెలిగినట్టు వెలిగింది. “చూశావా బుజ్జీ! నేను చెప్పలేదూ, సరిగ్గా రాశానని! ముప్పై రోజులు, పన్నెండో తేదీ. లెక్క ఎక్కడ తప్పింది? తప్పలేదు!” ఆమె కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి. తిడతారనుకుంది. పుస్తకం విసిరేస్తారనుకుంది. ఈ సంతోషాన్ని మాత్రం ఆమె ఊహించలేదు...

అది ఎంతోసేపు నిలవలేదు. ఆయన వేలు ఇంకా పేజీ మీదే ఉంది. ఆ వేలితోనే వెనక పేజీ తిప్పారు. వెలుతురుకు పట్టుకున్నారు. అక్కడా గీకి ఉంది. ఇంకో పేజీ. ఇంకోటి. అలా నాలుగైదు నెలలు వెనక్కి వెళ్లారు. చివరికి డైరీ మూసి, తన కుర్చీలో కాకుండా, కక్షిదారులు కూర్చునే బల్ల మీద కూర్చున్నారు.

“ఎన్నాళ్ల నుంచి?”

“రెండేళ్ల నుంచి.”

“కిందటేడు డైరీ కూడానా?”

“ఆఁ...”

“నేను బాగానే ఉన్నాననుకుంటున్నాను,” అన్నారాయన మెల్లగా. “ఏదో వయసు, అక్కడక్కడా మరుపు... డైరీ చూసుకుంటే అన్నీ సరిగ్గానే ఉండేవి. అందుకే ధైర్యంగా ఉండేవాణ్ణి.”

గుమాస్తా ఫైళ్లు కింద పెట్టి, కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. “అయ్యా... తప్పు అమ్మగారి ఒక్కరిదీ కాదయ్యా. మీకు ఇవ్వాల్సిన చీటీ మీ చేతికివ్వకుండా జేబులో వేస్తున్నది నేనే. చేతికిస్తే ఎక్కడో పెట్టి మరిచిపోతున్నారని... మీరు చూసుకుంటున్నారేమో అనుకున్నాను.”

“నేనూ అంతే నాన్నా,” అంది బుజ్జి. “మీరు లేచినప్పుడల్లా తరవాతి పాయింటు కాగితం మీద పెద్దక్షరాలతో రాసి మీ ముందుకు జరుపుతున్నాను కదా... అది జూనియరు పని అని మీరు అనుకోవాలని...”

ప్లీడరు గారు ముగ్గుర్నీ ఒకరి తరవాత ఒకరిని చూశారు. “భలేవాళ్లు దొరికారు నాకు! ముగ్గురు సాక్షులు, ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఇలాంటి సాక్షులు కేసులో దొరికితే పండగ చేసుకునేవాణ్ణి.” నవ్వబోయారు. నవ్వు సగంలో విరిగింది. భార్య దగ్గరికి వెళ్లాలనుకున్నారేమో, లేచి, మళ్లీ కూర్చుని, కూతురితో అన్నారు: “ఆ అర్జీ చించెయ్. ఆ ఉత్తరం కూడా. కొత్త కాగితం తీయి. అఫిడవిట్ మీ అమ్మ ఇస్తుంది. నేను చెబుతాను, నువ్వు రాయి.”

“నాన్నా, అందులో మీ సంగతి రాయాలి...”

“రాయాలి మరి! ఆలస్యమైన ప్రతి రోజుకీ కారణం చెప్పాలి. రేపు దాఖలు చేస్తే ఇరవై నాలుగు రోజులు. ఒక్కరోజుకి లెక్క తగ్గినా అవతలివాడు పట్టుకుంటాడు. పట్టుకోకపోతే వాడు వకీలే కాదు!” ఆయన వీపు నిటారుగా అయింది. గొంతులోకి పాత పదును వచ్చింది. భార్య వైపు తిరిగి, సాక్షిని అడిగినట్టే అడిగారు. “చెప్పు. ఆ రోజు డైరీ ఎన్నింటికి తీశావు?”

“మీరు నడకకు వెళ్లాక... అయిదున్నరకి.”

“చీటీ మీద ఏముంది?”

“పన్నెండు అని.”

“ఎవర్నీ ఎందుకు అడగలేదు?”

“అడిగితే బయటపడుతుందని.”

“బయటపడితే ఏమవుతుంది?”

ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆయన ఇలా ఎదురుగా కూర్చుని, తను చెప్పేది ప్రతి ముక్కా ఇంత శ్రద్ధగా విన్న రోజు లేదు. “మీరు కోర్టులో తల దించుకోవాల్సి వస్తుందని. బూట్లు విప్పకుండా కూర్చున్నారు ఆ రోజు... ఆ కూర్చోవడం మళ్లీ చూడలేననీ...”

బుజ్జి కలం ఆగిపోయింది. “ఇది రాయనా నాన్నా?”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “వద్దు...” అన్నారు. తరవాత, “కాదు. రాయి. బూట్ల సంగతి కూడా రాయి,” అన్నారు.

మర్నాడు పొద్దున్నే అర్జీ దాఖలైంది. పదో తేదీకి వాయిదా పడింది. అంటే తాళాలు అప్పగించాల్సిన రోజుకు రెండు రోజుల ముందు. ఆ సాయంత్రం ప్లీడరు గారి భార్య ఎవరికీ చెప్పకుండా చెప్పులేసుకుని టైలరమ్మ గదికి వెళ్లింది. ఆ గదిలో ఒక మిషను, ఒక ఇస్త్రీ బల్ల, గోడకు వేలాడే నల్లగుడ్డలు, కింద చెక్కపెట్టెలు. పెట్టెల్లో సగం సామాను అప్పటికే సర్ది ఉంది. అది చూడగానే ఆమె వెనక్కి వెళ్లిపోదామనుకుంది. అయినా చెప్పింది. ఇంట్లో చెప్పినదంతా మళ్లీ మొదటి నుంచీ చెప్పింది.

టైలరమ్మ వింటూ, ఒక కోటు చేతికి కుట్లు విప్పుతూనే ఉంది. అంతా అయ్యాక అంది: “ఒకరికి తెలియకుండా ఒకరు ముగ్గురూ అతుకులేశారన్నమాట. అతుకు మీద అతుకు, దాని మీద ఇంకో అతుకు... గుడ్డ ఎలా నిలుస్తుందనుకున్నావక్కా? ఆఖరికి నా గది దగ్గర చిరిగింది!”

“నన్ను క్షమించమని అడగడానికి కూడా...”

“అడక్కు. గది ఉంటే అప్పుడు చూద్దాం. పోతే జన్మలో క్షమించను.” కుట్లు విప్పే చిన్న కత్తిని పక్కన పెట్టి అంది: “నేను కూడా ఒకసారి ఆయన కోటు బొత్తాలు తప్పుగా కుట్టానక్కా. పదేళ్లయింది. ఆయన ఏడాదంతా అలాగే తొడుక్కున్నారు, నాకు చెప్పలేదు. ఎవరో చెప్పారు తరవాత. నేను నొచ్చుకుంటానని చెప్పలేదట.” ఒళ్లో పడ్డ దారం ముక్కలు దులిపింది. “అలాంటి మనిషికి ఇలా రావాలా...”

పదో తేదీ. ఆమె కోర్టు లోపలికి అడుగుపెట్టడం అదే మొదటిసారి. భర్త రోజూ వెళ్లే చోటు ఇంత ఇరుకుగా, ఇంత గోలగా ఉంటుందని ఆమెకు తెలియదు. బెంచీ చివర టైలరమ్మ పక్కన కూర్చుంది. ఎవరు లేచినా, ఎవరు తలుపు తీసినా అటు తిరిగి చూసేది. గోడ గడియారం ఆగిపోయిందేమో అనిపించేది, చూస్తే నడుస్తూనే ఉండేది.

కేసు పిలిచారు. బుజ్జి లేవబోయింది. ప్లీడరు గారు ఆమె చెయ్యి మీద చెయ్యి వేసి ఆపి, తనే లేచారు. గది యజమాని తరఫు వకీలు కాగితాలు సవరించుకుని సిద్ధంగా ఉన్నాడు. అభ్యంతరాలు చెప్పడంలో ఆ కోర్టులో అతణ్ణి మించినవాడు లేడని పేరు.

“ధర్మాసనానికి మనవి,” అని మొదలుపెట్టారు ప్లీడరు గారు. గొంతు గంభీరంగా, కంచులా ఉంది. “ఇరవై నాలుగు రోజుల ఆలస్యమైన మాట వాస్తవం. కక్షిదారు నిర్దోషి. ఆమె రోజూ మా ఆఫీసు మీద నమ్మకంతో... నమ్మకంతో...”

ఆగారు.

కోర్టు ఎదురుచూసింది. ఆయన కాగితాల వైపు చూశారు. పైకప్పు వైపు చూశారు. బుజ్జి ముందు తెల్లకాగితం ఉంది, చేతిలో కలం ఉంది. రాయలేదు. గుమాస్తా తలుపు దగ్గర పెదాలు బిగించుకుని నిలబడ్డాడు. గుసగుసగా అందించలేదు. బెంచీ మీద ఆమె ముందుకు వంగింది. ‘దేవుడా, ఎవరైనా ఒక్క మాట అందించండి!’ అని లోపల కేకలు పెడుతోంది. టైలరమ్మ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“అమ్మా,” అన్నారు ప్లీడరు గారు. న్యాయమూర్తి స్త్రీ. ఆమెను కోర్టులో పిలవాల్సిన పిలుపు కాదు అది. “నేను ఏం చెప్పాలనుకున్నానో మరిచిపోయాను. ఇంట్లో అనుకునే వచ్చాను. ఇప్పుడు లేదు.” ఒక్క క్షణం తడుముకుని, “ఇదేనమ్మా మా కేసు. మిగతాది నా భార్య ఆ కాగితంలో చెప్పింది. చదివి చూడండి,” అని కూర్చున్నారు.

ఎవరూ నవ్వలేదు.

న్యాయమూర్తి అఫిడవిట్ చదివారు. ఒక చోట ఆగి, మళ్లీ మొదటి నుంచి చదివారు. అది బూట్ల సంగతి ఉన్న చోటేనని బుజ్జి తరవాత చెప్పింది. చదవడమయ్యాక అవతలి వకీలును చూశారు. అతను లేచాడు. చేతిలో నాలుగు పేజీల అభ్యంతరాలున్నాయి. వాటిని ఒకసారి చూసుకుని బల్ల మీద బోర్లించాడు. “నేను వృత్తిలోకి వచ్చిన కొత్తలో వారి దగ్గర ఓడిపోయే నేర్చుకున్నాను మేడమ్. ఆలస్యం మన్నించడానికి నాకు అభ్యంతరం లేదు. అప్పీలులో మాత్రం గట్టిగా పోట్లాడతాను,” అన్నాడు.

ఆలస్యం మన్నించారు. అప్పీలు తేలేదాకా గది ఖాళీ చేయించకూడదని ఉత్తర్వు ఇచ్చారు.

వరండాలోకి రాగానే టైలరమ్మ సంచిలోంచి ఒక కాగితం తీసింది. బుజ్జి ముఖం పాలిపోయింది. అది సంఘానికి రాయించుకున్న ఫిర్యాదు. టైలరమ్మ దాన్ని వెనక్కి తిప్పి గోడకు ఆనించి పెట్టి, మెడలోంచి టేపు లాగింది. “కదలకు. వెనకవైపు ఖాళీగానే ఉంది, కొలతలు రాసుకుంటాను. జడ్జి గౌను కుట్టడం నాకూ మొదటిసారే!” భుజాల దగ్గర కొలిచి, “అంగుళం వదలనక్కర్లేదు,” అంది. అప్పుడు ఏడ్చింది, టేపుతోనే కళ్లు తుడుచుకుంటూ.

బుజ్జి జడ్జి ఉద్యోగానికి వెళ్లనంది. “మీ కేసులన్నీ నేను చూసుకుంటాను, ఇక్కడే ఉంటాను నాన్నా,” అని రెండు రోజులు పంతం పట్టింది. ప్లీడరు గారు వాదించలేదు. ఒక్కొక్క కక్షిదారునూ పిలిచి, విషయం చెప్పి, ఎవరికి నచ్చిన వకీలుకు వాళ్ల ఫైలు అప్పగిస్తూ సంతకం పెడుతూ పోయారు. టైలరమ్మ అప్పీలు మాత్రం కోర్టులో బుజ్జికి తెలిసిన మరో జూనియరు చేత, తన ఎదురుగా కూర్చోబెట్టి, ఆఖరి కాగితం దాకా చదివించి ఇచ్చారు. వారం తిరిగేసరికి బీరువా ఖాళీ అయింది. “ఇప్పుడు చూసుకో, ఏం చూసుకుంటావో,” అన్నారు కూతురితో. బుజ్జి ఆయన ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చి ఏడ్చి, ఆ చివరి కాగితంలోని గడిలో ‘లేదు’ అని రాసింది.

బుజ్జి ఉద్యోగంలో చేరడానికి వెళ్లాక ఇల్లు ఒక్కసారిగా పెద్దదైపోయింది. గుమాస్తా మాత్రం పని లేకపోయినా పొద్దున్నే వచ్చి పేపరు చదివి వినిపించి వెళ్తాడు. ప్లీడరు గారి భార్యకు సాయంత్రం అయిదున్నర అయ్యేసరికి చేతులు ఊరుకోవు. దులపడానికి కోటు లేదు. వెతకడానికి చీటీలు లేవు. గదిలోంచి గదిలోకి తిరుగుతుంది, మళ్లీ వచ్చి కూర్చుంటుంది, మళ్లీ లేస్తుంది.

ప్లీడరు గారు డైరీ రాయడం మానలేదు. రోజూ పొద్దున కాఫీ తాగాక బల్ల దగ్గర కూర్చుని నాలుగు ముక్కలు రాస్తారు. ఒక రోజు రాయడం ముగించి ఆమెను కేకేశారు. “ఇదిగో, ఇటు రా. చదువు.”

ఆమె చేతులు తుడుచుకుని వచ్చి చదివింది. ‘ఇవాళ వాయిదాలు లేవు. సాయంత్రం ఆమెతో కలిసి నడకకు వెళ్లాలి. మరవకూడదు.’

“సరిగ్గానే రాశానా?” అని అడిగారు. ఆమె ముఖంలోకే చూస్తున్నారు.

ఆయన రాసింది మర్నాటి పేజీలో.

బ్లేడు ఏ సొరుగులో ఉందో ఆమెకు తెలుసు. చెయ్యి అటు పోలేదు.

“సరిగ్గానే రాశారండీ,” అంది. డైరీ మూయకుండా, అలాగే తెరిచి ఉంచి, ఆయన చెప్పులు గుమ్మం దగ్గర సర్ది పెట్టడానికి వెళ్లింది.